గది ముంచింది, టీ హోటల్ గట్టెక్కించింది: మా హాంకాంగ్ ట్రిప్పు

మాంగ్‌కాక్‌లో రాత్రికి 480 హాంకాంగ్ డాలర్లకే కిటికీ ఉన్న గది అని ఫొటో పెట్టిన గెస్ట్‌హౌస్ కనిపిస్తే నమ్మకండి. మాకిచ్చిన గదిలో కిటికీ అంటే గోడకి వేలాడేసిన పరదా, పక్కకి లాగితే వెనకాల టైల్స్! పైగా ఇద్దరున్నారని రాత్రికి ఇంకో 60 గుంజారు. బుకింగ్‌లో ఇద్దరమనే ఉంది చూడు బాబూ అంటే కౌంటర్లో కుర్రాడు ఫోన్లోంచి తలెత్తలేదు. గది వెతికింది మా బావమరిది, మా ఆవిడ అలిగింది మాత్రం నామీద.

పొద్దున్నే కింద ఉన్న చా చాన్ తెంగ్‌లో దూరాం. మన ఇరానీ కేఫ్ లాంటిదే, టేబుల్ ఖాళీ లేకపోతే ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కన కూర్చోబెట్టేస్తారు. మిల్క్ టీ 22, చల్లనిదైతే 25. నేను యాప్‌లో నేర్చుకున్న మాండరిన్‌లో "షియెషియె" (థాంక్స్) అంటే ఆర్డరు తీసుకునే పెద్దావిడ మొహం చిట్లించి, ఇక్కడ మాట్లాడే కాంటొనీస్ భాషలో "మ్‌గోయ్" అని నాచేత పలికించింది. పిలవాలన్నా, పక్కకి జరగమనాలన్నా, థాంక్స్ చెప్పాలన్నా ఇదే. బహుమతి ఇస్తే మాత్రం "దోజె" అనాలట. ఐస్ వద్దంటే "జౌ బింగ్", తీపి తక్కువంటే "సియు టిమ్". సరిగ్గా పలికేదాకా పెన్నుతో టేబుల్ మీద టకటకా కొడుతూ నిలబడింది, కప్పు ఆ తర్వాతే వచ్చింది.

శాకాహారులకి అసలు గండం ఆకుకూరలే. ఉడికించి పైన ఆల్చిప్పలతో చేసే ఆయిస్టర్ సాస్ పోసేస్తారు. "మ్ యియు హౌ యౌ" అని ముందే చెప్పండి, ఆ సాస్ వద్దని. "సిక్ జాయ్" అంటే శాకాహారమే తింటామని అర్థమవుతుంది.

కొండెక్కించే పీక్ ట్రామ్, హార్బర్ దాటించే స్టార్ ఫెర్రీ బాగున్నాయి, జనమే ఎక్కువ.

లేడీస్ మార్కెట్‌లో ఒకావిడ నన్ను "లెంగ్ జయ్" అని పిలిచింది, అందగాడా అని! కొనడానికొచ్చిన మగాళ్లందర్నీ అలాగే పిలుస్తారని తెలిశాక మా ఆవిడ నవ్వు ఆగలేదు, అలక కూడా అక్కడే పోయింది. ఆ ఊపులో "పెంగ్ ది లా" (కాస్త తగ్గించండి) అంటూ 180 చెప్పిన బ్యాగుని 110కి దింపింది.

మినీబస్సులో దిగాలంటే గట్టిగా అరవాలి, "యౌ లోక్, మ్‌గోయ్!" అని. డ్రైవరు వెనక్కి చూడడు, చెయ్యి పైకెత్తుతాడు, అంతే, విన్నట్టు. మొహమాటపడితే మీ స్టాపు దాటిపోతుంది. ఆకుపచ్చ మినీబస్సుల్లో చిల్లర ఇవ్వరు, టికెట్ డబ్బు కట్టే ఆక్టోపస్ కార్డులో డబ్బు చూసుకుని ఎక్కండి.