14 కిలోల స్టూడియో, మూడేళ్ళ వాడకం తర్వాత

బెంగళూరు కమ్మనహళ్ళిలో మా ఇంటి బీరువా పక్కన ఒక పొడుగాటి నల్ల సంచీ నిలబడి ఉంటుంది. వచ్చిన చుట్టాలు దాన్ని క్రికెట్ కిట్ అనుకుంటారు. నిజానికి అది నా ఫోటో స్టూడియో. అందులో ఉండేవి: 200 వాట్-సెకన్ల శక్తి ఉన్న బ్యాటరీ ఫ్లాష్‌లు రెండు, ఫ్లాష్ వెలుతురును పరిచే ఐదడుగుల తెల్ల గొడుగు, సన్నగా పొడుగ్గా ఉండే స్ట్రిప్ సాఫ్ట్‌బాక్స్ (ఫ్లాష్‌కు తగిలించే గుడ్డ పెట్టె), కెమెరా నొక్కగానే ఫ్లాష్‌ను వెలిగించే రేడియో ట్రిగ్గర్, మూడు స్టాండ్లు, అవి పడిపోకుండా బరువు నింపి కట్టే రెండు ఖాళీ ఇసుక సంచులు, ఒక వైపు బూడిదరంగు, మరో వైపు నలుపు ఉన్న, మనుషుల వెనక నిలబెట్టే మడత తెర. అన్నీ కలిపి 14 కిలోలు. మూడేళ్ళ క్రితం విడివిడిగా కొన్నాను, లెక్క 60 వేలు దాటింది.

కొన్నది ఒక రాక్ బ్యాండ్ కోసం. ఐదుగురు కుర్రాళ్ళు. పాటగాడిది కర్నూలు, డ్రమ్మర్‌ది విశాఖ, మిగిలినవాళ్ళలో ఇద్దరు కన్నడిగులు, ఒకరు మలయాళీ. పగలంతా కంప్యూటర్ల ముందు ఉంటారు, రాత్రయితే ఆంప్లిఫయర్ల ముందు. ఐదుగురికీ ఒకే ఆదివారం ఖాళీ దొరకడం, వాళ్ళు సిల్క్‌బోర్డ్ కూడలి ట్రాఫిక్ దాటుకుని ఒకే వేళకు ఒక స్టూడియోకు చేరడం అయ్యే పని కాదని రెండు సార్లు ప్రయత్నించాక తెలిసింది. వాళ్ళు నాకు దొరికేది కచేరీ రోజున, వాయిద్యాల సౌండ్ చెక్ ముగిసి, జనానికి తలుపులు తెరిచేలోపు. మహా అయితే 20 నిమిషాలు. అందుకే ఈ సామాను మంచిచెడ్డలు నేను వెలుతురు నాణ్యతతో తూచను. నిలబెట్టడానికి ఎన్ని నిమిషాలు, మడిచి సర్దడానికి ఎన్ని నిమిషాలు, నాకు కావలసిన లెక్క అదే. ఇప్పుడు 7 నిమిషాల్లో నిలబెడతాను. మొదట్లో అరగంట పట్టేది. అప్పటికి బ్యాండు వేదిక మీద ఉండేది.

ఇక సర్దడానికి పట్టే సమయంలో సగం తెరదే. సంచిలోంచి తీసి వదిలితే చాలు, స్ప్రింగు చట్రం ఫట్‌మని విచ్చుకుని ఐదడుగుల వెడల్పున నిలబడుతుంది. మడవడమే ప్రాణసంకటం. ఎదురెదురు అంచులు రెండు చేతులా పట్టుకుని, ఒక చేతిని బయటికి, ఇంకో చేతిని లోపలికి తిప్పుతూ దగ్గరికి తెస్తే ఎనిమిది అంకెలా మెలిపడుతుంది. అప్పుడు ఒక చుట్టును రెండోదాని మీదికి వాల్చాలి. మోకాలితో నొక్కిపెట్టకపోతే పడగ విప్పినట్టు మళ్ళీ లేస్తుంది. ఒక పబ్బు వెనక వంటగది నడవాలో నేను దానితో కుస్తీ పడుతుంటే ఉల్లిపాయలు తరిగే అబ్బాయి కత్తి పక్కన పెట్టి మరీ చూశాడు. చివరికి దాన్ని నాకంటే ముందు డ్రమ్మర్ నేర్చుకున్నాడు. "మణికట్టులో ఉంది అన్నా కిటుకంతా" అంటాడు.

పాటగాడికి ఎప్పుడూ నల్ల నేపథ్యమే కావాలి. 2011లో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మెటాలికా అనే హెవీ మెటల్ బ్యాండు కచేరీకి కర్నూలు నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. ఇంకో రంగు ఉందని ఒప్పుకోడు. నల్ల తెర ముందు నల్ల టీషర్టు, నల్ల జుట్టు. మొదటిసారి తీసినప్పుడు ఐదు ముఖాలు, పది చేతులు చీకట్లో తేలుతూ కనిపించాయి. స్ట్రిప్ సాఫ్ట్‌బాక్స్‌ను వెనక పక్కగా పెట్టి, భుజాల మీదా జుట్టు అంచుల మీదా ఒక వెలుతురు గీత పడేలా చేశాక గానీ వాళ్ళకు ఒళ్ళు రాలేదు. మొత్తం సామానులో నేను చివర్లో, అయిష్టంగా కొన్నది అదే. ఈ రోజు ఒక్కటే ఉంచుకోమంటే దాన్నే ఉంచుకుంటాను.

ఇరుకు గదుల సంగతి వేరు. ఇక్కడి రిహార్సల్ గదులు చాలావరకు పన్నెండడుగులు దాటవు, కప్పు చేతికి అందుతుంది. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది కదా. గొడుగును ఒక పక్కన పెడితే మీటరు దూరంలో ఉన్న గిటారిస్టు పెళ్ళికొడుకులా వెలిగిపోతాడు, మూడు మీటర్ల దూరంలో ఉన్న బేస్ వాయించేవాడికి అందులో తొమ్మిదో వంతే దక్కుతుంది. అదే నాలుగు మీటర్లు వెనక్కి జరగగలిగితే ఆ తేడా తొమ్మిదింతల నుంచి దాదాపు రెండింతలకు తగ్గుతుంది. జరగడానికి చోటేదీ? అందుకని అందరికీ దూరం ఇంచుమించు సమానంగా ఉండేలా గొడుగును నా తల వెనక, కప్పుకు ఆనించినంత ఎత్తులో పెడతాను. డ్రమ్స్ పక్కన ఉండే ఇత్తడి పళ్ళేల్లో (సింబల్స్) గొడుగు ప్రతిబింబం పడితే వాటిని కొంచెం వంచమంటాను. డ్రమ్మర్ గొణుగుతాడు, వంచుతాడు.

జుట్టు విసిరే ఫోటోలకు ఒక విషయం ఆలస్యంగా తెలిసింది. ఫ్లాష్‌తో తీసేటప్పుడు కెమెరా షటర్ వేగాన్ని సెకనులో 200వ వంతుకు మించి పెంచడానికి లేదు కాబట్టి, కదలికను ఆపాల్సింది మెరుపే. నా ఫ్లాష్‌తో వచ్చిన పుస్తకం ప్రకారం పూర్తి శక్తితో ఆ మెరుపు సెకనులో 220వ వంతు సేపు ఉంటుంది, అతి తక్కువ శక్తితో 13,000వ వంతే. నేనేమో ఎక్కువ శక్తి పెడితే ఎక్కువ పదును అనుకుని ఏడాది పాటు అలికినట్టున్న జుట్టు కొసలు తీశాను. ఫ్లాష్ శక్తిని ఎనిమిదో వంతుకు తగ్గించి, బదులుగా ఐఎస్ఓను, అంటే వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, పెంచాక వెంట్రుకలు విడివిడిగా నిలిచాయి. పైగా ఆ శక్తిలో ఫ్లాష్ వెంటవెంటనే సిద్ధమవుతుంది. పూర్తి శక్తిలో రెండు సెకన్లు ఆగాలి, ఈలోపు గిటారిస్టు దూకేసి ఉంటాడు.

ఇక నా ఏడుపు. ఫ్లాష్ ఏది కొనాలో మూడు నెలలు చదివాను, స్టాండ్లు ఐదు నిమిషాల్లో, అన్నిటికంటే చవకవి కొన్నాను. రెండో ఏడు జూలైలో డ్రమ్మర్ వాళ్ళ మేడ మీద ఫోటోలు పెట్టుకున్నాం. ఆ నెలలో బెంగళూరు గాలి సంగతి తెలిసి కూడా ఇసుక సంచులు ఖాళీగానే వేలాడదీశాను. గొడుగు తెరచాపలా నిండింది, స్టాండు ఒక్క కాలి మీద తిరిగింది, ఫ్లాష్ నీళ్ళ ట్యాంకు గట్టు మీద పడింది. గాజు ట్యూబు పొడి. అదృష్టం కొద్దీ ట్యూబు విడిగా మార్చుకోవచ్చు. ఆ సాయంత్రం మిగతా ఫోటోలకు ఇసుక ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటే వాళ్ళమ్మగారు వంటింట్లోంచి ఐదు కిలోల సోనామసూరి సంచీ తెచ్చి ఇచ్చారు. "తడపకుండా తిరిగివ్వు నాయనా" అన్నారు. అప్పటినుంచి స్టాండుకు ఐదు కిలోలు కట్టకుండా గొడుగు విప్పను. వేదికల దగ్గరైతే రెండు లీటర్ల నీళ్ళ సీసాలు సంచికి మూడు పడతాయి. స్టాండ్లు కూడా మార్చాను, బరువైనవి.

ట్రిగ్గర్ ఎప్పుడూ మొరాయించలేదు, ఒక కళాశాల ఉత్సవంలో తప్ప. అక్కడ ఇంకో ఫోటోగ్రాఫర్‌దీ నాదీ ఒకే ఛానల్. అతను నొక్కినప్పుడల్లా నా ఫ్లాష్ వెలిగింది. పావుగంట నా ఫ్లాష్‌కు దయ్యం పట్టిందనుకున్నాను. ఛానల్ మార్చడం నాలుగు సెకన్ల పని. బ్యాటరీలు కొత్తలో పూర్తి శక్తితో 500 మెరుపుల దాకా ఇచ్చేవి, ఇప్పుడు 350 దగ్గర నీరసిస్తాయి. ఒక్కొక్కటీ సుమారు 42 వాట్-అవర్లే కాబట్టి విమానంలో చేతి సంచిలో పట్టుకెళ్ళవచ్చు.

తెర వెడల్పు ఐదడుగులే కదా, ఐదుగురు ఎలా పడతారని అడుగుతారు. పడరు. కెమెరాను ట్రైపాడ్ మీద కదలకుండా ఉంచి, నేల మీద టేపు గుర్తు వేసి, ఒక్కొక్కరినీ మోకాళ్ళ పై నుంచి తీసి, రాత్రికి కంప్యూటర్లో కలుపుతాను. పాదాలు కనిపిస్తే నీడలు అబద్ధం చెప్పవు, దొరికిపోతాం.

ఈ గొడవ లేకుండా ఉంటుందని ఒకసారి తెరకు బదులు 2.72 మీటర్ల వెడల్పున్న పేపర్ రోల్ కొన్నాను. ఆటోలో అడ్డంగా పెడితే రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చింది. డ్రైవర్ హిందూపురం మనిషి. వెనక్కి తిరిగి చూసి, "సార్, ఇది ఆటోనా, కావడా?" అన్నాడు. లింగరాజపురం వంతెన దాకా రెండు పక్కలా బైకులవాళ్ళు తిట్టుకుంటూ తప్పుకున్నారు. ఆ రోల్ ఇప్పుడు డ్రమ్మర్ వాళ్ళింట్లో మంచం కింద ఉంది. పండగలప్పుడు వాళ్ళమ్మగారు రెండు మూరలు కత్తిరించి అలమరల్లో పరుస్తారు.