కేప్ ట్యులిప్‌ను పోల్చుకోవడానికి ఏది మేలు: పువ్వా, ఆకా?

దక్షిణాఫ్రికా నుంచి ఆస్ట్రేలియాకు చేరి అక్కడి పచ్చికబయళ్లను ఆక్రమించిన కేప్ ట్యులిప్‌ను ఏ గుర్తును బట్టి పోల్చుకోవాలని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఐరిస్ కుటుంబానికి చెందిన ఈ మొక్కలో గుండెను దెబ్బతీసే గ్లైకోసైడ్లు అనే విష పదార్థాలు ఉన్నాయి. ఎండినా ఆ విషం పోదు కనుక, ఎండుగడ్డిలో కలిసినా పశువులకు ప్రాణాపాయమే.

పువ్వుతో పోల్చుకోవడం తేలిక. ఆరు రేకులు, నారింజ కలిసిన గులాబీ రంగు, నడుమ పసుపు. వసంతంలో దూరం నుంచే కనిపిస్తుంది. అయితే పూర్తిగా పసుపుపచ్చగా పూసే మొక్కలూ ఉన్నాయి. అంతకంటే పెద్ద చిక్కు సమయానిది. ఈ మొక్క ఏటా నేలలోని గడ్డ నుంచే మొలుస్తుంది; ఆ పాత గడ్డలోని సారమంతా ఖర్చయిపోయి, కొత్త గడ్డ ఇంకా ఊరని దశ పూతకు కొంచెం ముందు వస్తుంది. కలుపుమందు బాగా పనిచేసేది ఆ దశలోనే. పువ్వు కోసం ఎదురుచూసేవారికి ఆ అదను తప్పిపోతుంది.

అందుకే నేను ఆకునే నమ్ముతాను. చలికాలపు వానలకు మొలిచిన గడ్డి నడుమ, పొడవునా ఈనెలు తేలి, మీటరు దాకా సాగి, కొన నేలకు వాలిన ఆకు కనిపిస్తే వంగి దాని మొదలు చూడాలి. గడ్డిజాతుల్లో చాలావాటికి ఆకు విచ్చుకునే చోట ఉండే పలుచని పొర దీనికి ఉండదు. కేప్ ట్యులిప్‌లో రెండు జాతులున్నాయి. మొక్కకు ఒక్కటే ఆకు ఉంటే అది మోరియా ఫ్లాసిడా. ఇది విత్తనాలతో విరివిగా వ్యాపిస్తుంది. రెండు మూడు ఆకులుండి, వాటి పంగల్లో చిన్న చిన్న పిల్లగడ్డలు గుత్తులుగా ఉంటే అది మోరియా మినియాటా. దాని వ్యాప్తి ఎక్కువగా ఆ పిల్లగడ్డలతోనే. ఏ జాతో తెలిస్తే విత్తనం పడకుండా చూడాలా, పిల్లగడ్డలు రాలకుండా చూడాలా అన్నదీ తేలుతుంది.

గడ్డను తవ్వి, దానిపై ఉన్న గోధుమరంగు పీచు పొరను చూసి నిర్ధారించుకోవచ్చు గానీ, బయలంతా తవ్వుతూ పోవడం సాధ్యం కాదు. అనుమానం తీరని ఒకటి రెండు మొక్కలకే అది పనికొస్తుంది. రెండు మూడు ఆకుల మినియాటా రకాన్ని పెరికితే పిల్లగడ్డలు మట్టిలోకి రాలతాయి కనుక చుట్టూ ఉన్న మట్టితో సహా ఎత్తి సంచిలో వేయాలి. కొన్ని గడ్డలు ఏళ్ల తరబడి మొలకెత్తకుండా నేలలోనే ఉండిపోతాయి. ఒక ఏడు శుభ్రంగా కనిపించిన చోటును కూడా మరుసటి చలికాలం మళ్లీ చూసుకోవాలి. ఈ మొక్క ఉన్నచోట పెరిగిన పశువులు చాలావరకు దాని జోలికి పోవు. కొత్తగా తెచ్చినవాటిని మాత్రం ఆకలితో ఆ బయలులోకి వదలకూడదు.