లాంచ్ లిమిటర్‌కి ఏ స్విచ్చి మేలు? క్లచ్చా, బ్రేక్ లైటా, ప్రెషరా?

ఈ మధ్య పాలకొల్లులోని మా షెడ్డుకి ఒక పాత ఆటోమేటిక్ సెడాన్ వచ్చింది. వెనక చక్రాల డ్రైవు, తర్వాత ఎక్కించిన టర్బో, బయట కొన్న ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటరు. కుర్రాడిది అమలాపురం. డ్రాగ్ రేసుకి, అంటే 402 మీటర్ల సూటి పరుగు పందేనికి, తయారు చేసుకుంటున్నాడు. "బాబాయ్, బ్రేక్ లైటు స్విచ్చి దగ్గర్నుంచి ఒక వైరు లాగి లాంచ్‌కి ఇచ్చేయండి, పది నిమిషాల పని" అన్నాడు. పది నిమిషాల పనే, కాదనను. కానీ బయలుదేరే గీత దగ్గర బండి ముక్కుతూ మూలుగుతూ కదిలేది ఆ వైరు వల్లే.

లాంచ్ లిమిటర్‌నే మనవాళ్లు టూ స్టెప్ అంటారు. గీత మీద యాక్సిలేటర్ నేలకి ఆనించినా, ఇంజన్ మనం పెట్టిన ఆర్పీఎం దాటకుండా స్పార్కునో పెట్రోలునో కోస్తుంది. టర్బో బండిలో అలా నిలబెట్టిన రెండు మూడు సెకన్లలోనే బూస్ట్, అంటే టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి, పుడుతుంది. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో దానికి చెప్పేది స్విచ్చి.

మాన్యువల్ గేరు బండైతే చర్చే లేదు, క్లచ్ పెడల్ దగ్గర స్విచ్చి పెట్టండి. బండిని గీత దగ్గర ఆపేది క్లచ్చే, వదిలేదీ క్లచ్చే. అలాంటి బండికి ప్రెషర్ స్విచ్చి కోసం బ్రేకు పైపు కోసి టీ జాయింటు వేయమని ఎవరైనా అడిగితే నేను వేయను.

ఆటోమేటిక్‌లో, గేరుబాక్సునే బిగించి బండిని ఆపే ట్రాన్స్‌బ్రేక్ ఉంటే దాని బటనే సరిపోతుంది. అది లేక, ఎడమ కాలితో బ్రేకు తొక్కిపెట్టి వదిలే బండికే ఈ తర్జనభర్జన.

బ్రేక్ లైటు స్విచ్చి పెడల్ కాస్త కదలగానే వెలుగుతుంది, పెడల్ దాదాపు పూర్తిగా పైకి వచ్చాక గానీ ఆరదు. అది మంచిదే, వెనక వచ్చేవాడికి మనం బ్రేకు మీద కాలేశామని తెలియాలి కదా. లాంచ్‌కి మాత్రం ఆ గుణమే చేటు. కాలు ఎత్తుతుంటే ముందు పైపులో ఒత్తిడి పడిపోతుంది, చక్రాల మీద బ్రేకు పట్టు వదులుతుంది, పెడల్ మాత్రం ఇంకా పైకి వస్తూనే ఉంటుంది. ఆ రవ్వంత సేపూ బండి కదిలిపోయింది, ఇంజన్ మాత్రం లిమిటర్ మీదే కొట్టుకుంటోంది. ఇంకో ఇబ్బంది ఉంది. 402 మీటర్లు దాటాక వేగం తగ్గించడానికి పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, లిమిటర్ మళ్లీ పట్టుకుంటుంది. ఈసీయూలో వేగం షరతు ఉంటే ఆపవచ్చు, చిన్న టూ స్టెప్ డబ్బాల్లో ఆ సౌకర్యం ఉండదు.

ప్రెషర్ స్విచ్చికి పెడల్‌తో పని లేదు, పైపులో ఒత్తిడినే చూస్తుంది. బ్రేకు నిజంగా పట్టినప్పుడు మూసుకుంటుంది, వదిలినప్పుడు తెరుచుకుంటుంది. అయితే చాలామంది మూసుకునే అంకె చూసి కొంటారు. మనకి కావలసింది తెరుచుకునే అంకె. రెండూ ఒకటి కావు. కుర్రాడి బండిలో వెనక లైనుకి గేజీ తగిలించి, ఎదురుగా ఎవరూ లేని ఖాళీ స్థలంలో లాంచ్ ఆర్పీఎం దగ్గర కాలు మెల్లగా వదలమన్నాను. ఒత్తిడి 350 పీఎస్‌ఐకి దిగిన దగ్గర బండి పాకడం మొదలెట్టింది. తర్వాత ఇంజన్ ఆపి, మల్టీమీటర్‌ని బీప్ మీద పెట్టి స్విచ్చి చూశాం. తొక్కుతుంటే 400 దగ్గర కూసింది, వదులుతుంటే 340 దాకా ఆగలేదు. అదే కావాలి. మరీ ఎక్కువ దగ్గర తెరుచుకుంటే బ్రేకు పట్టి ఉండగానే ఇంజన్ లేచి బండి గీత దాటేస్తుంది. మరీ తక్కువైతే బ్రేక్ లైటు కథే మళ్లీ. అందుకే సర్దుకునే స్క్రూ ఉన్న స్విచ్చే కొనండి.

ఇంతకంటే మేలైంది ప్రెషర్ సెన్సర్. 5 వోల్టులిస్తే ఒత్తిడిని బట్టి 0.5 నుంచి 4.5 వోల్టుల దాకా ఈసీయూకి చెబుతుంది. హద్దు ల్యాప్‌టాప్‌లో మార్చుకోవచ్చు, పరుగు అయ్యాక ఒత్తిడి గీతని ఆర్పీఎం గీత పక్కన పెట్టి చూసుకోవచ్చు. ఈసీయూలో అనలాగ్ ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే డబ్బులు చూసుకోకుండా దీనికే వెళ్లండి. ఈ బండిలో అన్నీ నిండిపోయాయి, అందుకే స్విచ్చి వేశాం.

వైరింగ్‌లో నార్మల్లీ ఓపెన్ స్విచ్చే, అంటే మామూలుగా తెరిచి ఉండి ఒత్తిడికి మూసుకునేదే, వాడతాను. వైరు తెగితే లాంచ్ పనిచేయదు, అంతే. పరుగు మధ్యలో ఇంజన్ కొయ్యదు. అదే వైరు మధ్యలో, డ్యాష్‌బోర్డు మీద ఒక టాగుల్ స్విచ్చి కూడా ఉండాలి, మామూలుగా నడిపేటప్పుడు ఆపేయడానికి.

ఇక అసలు భయం పైపు. మనం కోస్తున్నది బ్రేకుని. లైన్ లాక్ ఉన్న బండిలో, అంటే ముందు చక్రాల బ్రేకుని పట్టి ఉంచే ఏర్పాటు ఉన్నదాంట్లో, ఆ ముందు చక్రాల లైనులో స్విచ్చి పెట్టకండి, బర్నౌట్ (వెనక టైర్లని ఉన్నచోటే తిప్పి వేడెక్కించడం) అంతసేపూ లిమిటర్ కొడుతుంది. వెనక లైనులో పెట్టండి. ఏబీఎస్ ఉంటే మాస్టర్ సిలిండర్‌కీ (పెడల్ తొక్కుడిని పైపుల్లో ఒత్తిడిగా మార్చేది) ఏబీఎస్ డబ్బాకీ మధ్య పైపు దాటి లోపలికి వెళ్లకండి. పైపు కొన విప్పార్చి బిగించే ఫ్లేర్ జాయింటుకి టెఫ్లాన్ టేపు చుట్టొద్దు, అక్కడ లోహానికి లోహమే సీలు. త్రెడ్డు తేడా వస్తే అడాప్టర్ తెప్పించుకోండి, బలవంతంగా బిగించకండి. ఒక పాత స్విచ్చి అలా బిగించి పగలగొట్టిన తప్పు నేనే చేశాను, అది షెడ్డులోనే బయటపడటం నా అదృష్టం.

బ్రేకు పైపుల్లో ఎయిర్ తీసేటప్పుడు కొత్త డబ్బా బ్రేకు ఫ్లూయిడ్ వాడండి. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ కనీసం 155కి పడిపోతుంది. చుట్టూ కాలువలూ చెరువులూ ఉన్న మన దగ్గర మూత తీసి ఉన్న డబ్బాని నమ్మకండి. నరసాపురం వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు కూడా పచ్చబారిపోతాయి, రబ్బరు సీలున్నవే వేయండి.

కుర్రాడు ఆ సాయంత్రమే బండి తీసుకెళ్తానన్నాడు. ఇవ్వలేదు. పెడల్‌ని ఒక నిమిషం బలంగా తొక్కిపట్టించి, ప్రతి జాయింటుకీ పాత క్యాలెండరు కాగితం ముక్క చుట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న ఒక్కొక్కటీ విప్పి వెలుగులో పట్టి చూశాం. తడి మచ్చ ఎక్కడా లేదు. అప్పుడు తాళం చేతికిచ్చాను.