స్లీవ్ సర్జరీ: నాలుగు నక్షత్రాలు, అయిదోది బిల్లింగ్ కౌంటర్ దగ్గర పోయింది

హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో బరువు తగ్గడానికి స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ (జీర్ణాశయాన్ని చిన్నది చేసే ఆపరేషన్) చేయించుకుని ఏడాది దాటింది. బిల్లింగ్ విభాగాన్ని నాలుగు మాటలు అనబోతున్నాను కాబట్టి ఆసుపత్రి పేరు రాయడం లేదు. సర్జన్ పనికి, డైటీషియన్ పనికి మాత్రం వంక పెట్టలేను.

"డైటింగ్ చేస్తే సరిపోయేది కదా!" అని మా బ్యాంకులో అడగనివారు లేరు. చేశాను. జొన్నరొట్టెలు, కీరా ముక్కలు, కొబ్బరి నూనె డైట్, అన్నీ అయ్యాయి. బరువూ తగ్గేది. తగ్గేకొద్దీ ఆకలి చెలరేగేది. మళ్లీ పాత కొలతకే చేరేదాన్ని. దీనికి నోరు కట్టుకోలేకపోవడం ఒక్కటే కారణం కాదని వివరంగా చెప్పింది ఈ డైటీషియనే. బరువు తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, ఒళ్లు ఖర్చు చేసే కేలరీలు తగ్గుతాయి. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 75-80 శాతం వరకు తీసేస్తారు. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే పైభాగం దానితోపాటే పోతుంది. డైటింగ్ రోజుల్లో ఆకలితో పోట్లాడేదాన్ని, ఇప్పుడు ఆ పోట్లాట చాలావరకు లేదు.

అలాగని తిండి లెక్కలు తప్పలేదు. ముందు ప్రొటీన్ ఉన్నది తినాలి, ఆ తర్వాతే అన్నం. ఒక ఇడ్లీకి ఇరవై నిమిషాలు. తొందరపడితే గొంతు కింద రాయి అడ్డుపడినట్టుంటుంది. అన్నం మధ్యలో మంచినీళ్లు తాగకూడదు, తిన్నాక మరో అరగంట ఆగాలి. ఆవకాయ అన్నం తిని నీళ్ల గ్లాసు వైపు చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో అనుభవిస్తేనే తెలుస్తుంది. మొన్న మేనకోడలి పెళ్లిలో పప్పు, పనీర్ కూర, రెండు ముద్దల పులిహోరతో లేవబోతే, వడ్డించే ఆయన "ఏమ్మా, వంట బాగాలేదా?" అని నొచ్చుకున్నారు.

మొదటి నెలల్లో జుట్టు దువ్వెన నిండా ఊడింది, తర్వాత నిలిచింది. బి12, ఐరన్, కాల్షియం మాత్రలు జీవితాంతం వాడాలి. గుండెల్లో మంట ఎక్కువగా ఉన్నవారికి స్లీవ్ కన్నా గ్యాస్ట్రిక్ బైపాస్ (జీర్ణాశయం పైభాగాన్ని నేరుగా చిన్నపేగుకు కలిపే మరో ఆపరేషన్) నయమని సర్జన్ ముందే చెప్పారు. స్వీట్లు, మిక్చరు రోజంతా నములుతూ ఉంటే ఆపరేషన్ తర్వాత కూడా బరువు తిరిగి వస్తుందనీ దాచలేదు. ప్రకటనల్లో ఈ ముక్క కనిపించదు.

ఇక డబ్బు సంగతి. బీమా కంపెనీ ఖర్చు భరించాలంటే బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే లెక్క) 40 ఉండాలి, లేదా 35తోపాటు అదుపులో లేని షుగరు వంటి తీవ్రమైన జబ్బు ఉండాలి. పైగా ఇతర పద్ధతులు విఫలమై ఉండాలి. నాకు 38, షుగరూ ఉంది. పనికిరాకుండా పోయిన డైట్ చీటీలన్నీ ఫైలులో దాచి ఉంచాను కనుక అవే సాక్ష్యాలయ్యాయి! ఆసుపత్రి వారు ప్యాకేజీలో అన్నీ ఉన్నాయన్నారు. డిశ్చార్జి రోజున మాత్రం జీర్ణాశయాన్ని కోసి మూసే స్టేప్లర్‌లో వాడే కార్ట్రిడ్జ్‌ల పేరుతో వేరే పద్దు తేలింది. అడిగితే "అందరికీ అంతే మేడమ్" అన్నారు. ప్యాకేజీలో ఏమేమి వస్తాయో ముందే కాగితం మీద రాయించుకోండి.

డైటీషియన్ శనివారం మధ్యాహ్నం వరకే ఉంటారు, ఫోన్ చేసి వెళ్లడం మంచిది.