కడప రాతిగోడల ఇంట్లో మూడు యాక్సెస్ పాయింట్లు

మాది కడపలో పాత మిద్దె, రెండడుగుల మందం రాతిగోడలు. హాల్లో రౌటర్ ఉంటే వంటింట్లో వైఫై సిగ్నల్ ఉండేది కాదు. అందుకే ఇంట్లో అక్కడక్కడా వైఫై అందించే యాక్సెస్ పాయింట్లు, టీపీ-లింక్ ఈఏపీ225 రకానివి, మూడు పెట్టించినాం. పీవోఈ స్విచ్ (నెట్ వైర్లోనే కరెంటు కూడా పంపే పెట్టె) నుంచి ఒక్కోదానికి క్యాట్6 నెట్ వైరు ఒక్కటి లాగితే చాలు, కరెంటూ దాంట్లోనే వస్తుంది. గోడకు బెజ్జం కొట్టడమే పెద్ద పని, డ్రిల్లు బిట్టు పొగలు కక్కింది.

మూడింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డ్. వైఫై బ్యాండ్లలో ఒకటైన 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని 1, 6, 11 ఛానళ్లు ఒక్కోదానికి ఒక్కోటి ఇచ్చి, సిగ్నల్ పవర్ తగ్గించినాకే ఫోన్ దగ్గరి పాయింటుకు మారుతోంది. ఇది చేసిచ్చేదాకా పనివాళ్లను వదలొద్దండి. ఇప్పుడు పాప వీడియో కాల్ మాట్లాడుతూ మెట్లెక్కినా మాట తెగదు. చాలా బాగుంది. రౌటర్‌కూ స్విచ్‌కూ కలిపి యూపీఎస్ కూడా పెట్టుకోండి.