ఫిష్‌బ్యాంక్స్ ఆట: మా డిగ్రీ పిల్లలతో ఒక మధ్యాహ్నం

రాజోలు వైపు ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. పర్యావరణ రాజకీయాల పాఠానికి ఇన్నాళ్లూ డాక్యుమెంటరీలు వేసేదాన్ని. పిల్లలు బుద్ధిగా చూసేవారు, లైటు వేయగానే లేచిపోయేవారు. ఈసారి అమెరికా శాస్త్రవేత్త డెనిస్ మెడోస్ రూపొందించిన ఫిష్‌బ్యాంక్స్ అనే కంప్యూటర్ ఆట ఆడించాను. అమెరికాలోని ఎంఐటీ స్లోన్ మేనేజ్‌మెంట్ స్కూలు వాళ్ల సైట్లో ఉచితంగా దొరుకుతుంది.

ఒక్కో జట్టు ఒక్కో చేపల కంపెనీ. వేలంపాటలో ఓడలు కొనుక్కోవాలి. ఏటా ఎన్నింటిని లోతు సముద్రానికి పంపాలో, ఎన్నింటిని తీరం దగ్గర తిప్పాలో, ఎన్నింటిని రేవులో ఉంచాలో తేల్చుకోవాలి. చివరికి ఎవరి ఆస్తి ఎక్కువైతే వాళ్లే గెలిచినట్టు.

మొదటి నాలుగేళ్లూ కేకలే. తర్వాత ఓడకు పడే చేపలు తగ్గడం మొదలైంది. "కంప్యూటర్లో ఏదో తప్పుందండీ మేడమ్," అంది ఒకమ్మాయి. తగ్గిన రాబడి పూడ్చుకోడానికి ఆ జట్టే ఇంకో మూడు ఓడలు కొంది! లోతు సముద్రం ఖాళీ కాగానే అందరూ తీరం మీద పడ్డారు. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల దాకా సంప్రదాయ పడవలకే వదలాలన్న నియమం ఎందుకుందో ఆ నిమిషంలో వివరించక్కర్లేకపోయింది. అప్పటిదాకా నోరు కట్టుకుని కూర్చోవడమే నాకు కష్టమైంది.

అంతర్వేది నుంచి వచ్చే కుర్రాడు లేచాడు. "మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఉండదు కదండీ. ఇక్కడా ఒక ఏడు ఆపేద్దాం." అందరూ చేతులెత్తారు. ఏడాది ముగిసింది, తెర మీద ఒక జట్టు పేరు పక్కన మాత్రం చేపలు పడ్డాయి. గది నిశ్శబ్దమైపోయింది. ఆ కుర్రాడు తన ఓడలన్నీ రేవులోనే ఉన్న వరుసను వేలితో చూపిస్తూ నిలబడిపోయాడు. రేవులో ఉన్నా ఖర్చు తప్పదు మరి.

ఇక ప్రశ్నలన్నీ వాళ్లవే. కాపలా ఎవరు కాయాలి? దొరికితే జరిమానా ఎంత? ఆపిన ఏడాది ఇల్లెలా గడవాలి? ప్రభుత్వం ఇచ్చే వేట నిషేధ భృతి దాకా చర్చ దానంతటదే వెళ్లింది. అప్పుడు ఎలినార్ ఆస్ట్రమ్ పేరు బోర్డు మీద రాశాను. ఉమ్మడి వనరును వాడుకునేవాళ్లే నియమాలు పెట్టుకుని, ఒకరినొకరు కనిపెట్టుకుని నిలబెట్టుకోగలరని చూపినందుకు 2009లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న ఆవిడ. ఆ విభాగంలో మొదటి మహిళ. ఏటా చెప్పే పాఠమే, ఈసారి రాసుకోమని చెప్పకుండానే రాసుకున్నారు.

లోపాలున్నాయి. అంతా ఇంగ్లీషే, లెక్కలు డాలర్లలో. మొదటి అరగంట అనువాదానికే పోయింది. మధ్యలో రెండుసార్లు నెట్ పోయింది, కాబట్టి లెక్కలు కాగితం మీద కూడా రాయించుకోండి. నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే. ఆటలో చేప ఒడ్డుకు రాగానే దానంతటదే అమ్ముడైపోతుంది. రేవులో వేలంపాట పాడి, గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోయే ఆడవాళ్లు ఎక్కడా లేరు. వరదనీటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వచ్చే పులస లాంటి చేపకూ, అసలు గోదావరికీ చోటు లేదు.

అయినా పాఠాలు చెప్పేవాళ్లందరికీ గట్టిగా చెబుతాను, ఆడించండి. రెండు గంటలు చాలవు, మూడు పెట్టుకోండి. వచ్చే బ్యాచ్‌లో ఒక జట్టును మత్స్యశాఖగా, ఇంకో జట్టును గంపల వాళ్లుగా కూర్చోబెడుతున్నాను. వాళ్ల నియమాలు రాసిపెట్టే పని ఆ అంతర్వేది కుర్రాడు ఇప్పటికే మొదలుపెట్టాడు.