మెమరీ కార్డా, క్లౌడా: నల్లగొండలో ఏడాదిన్నర వాడకం

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిలో పగలంతా నిలిచి ఉండే స్తంభపు నీడను పొద్దటి నుంచి సాయంత్రం దాకా గంటగంటకూ వీడియో తీద్దామని కూర్చుంటే, మధ్యాహ్నం రెండింటికే స్టోరేజ్ నిండిపోయిందంటూ నా ఫోన్ చేతులెత్తేసింది. బాగా స్పష్టంగా ఉండే ఫోర్‌కే వీడియో నిమిషానికి దాదాపు 350 ఎంబీ తీసుకుంటుందని, 64 జీబీ ఫోన్‌లో సగానికి పైగా సిస్టమ్, యాప్‌లు, వాట్సాప్‌లో వచ్చిపడే శుభోదయాలే ఆక్రమిస్తాయని అప్పటికి లెక్క వేసుకోలేదు. ఆ వారమే 128 జీబీ మైక్రో ఎస్‌డీ కార్డు కొన్నాను, ఫైళ్లను ఇంటర్నెట్ ద్వారా గూగుల్ కంప్యూటర్లలో దాచుకునే క్లౌడ్ సేవ గూగుల్ వన్‌లో నెలకు 130 రూపాయల 100 జీబీ ప్లాన్‌లో కూడా చేరాను.

మొదటి కార్డు నకిలీది. సగం ధరకే వస్తోందని ఊళ్లోని ఒక చిన్న దుకాణంలో, బిల్లు లేకుండా కొన్నాను. కొన్ని వారాలు బాగానే పనిచేసింది. తరువాత తీసిన ఫొటోలను తెరిస్తే పైన గోపురం కనిపించేది, కింద సగమంతా బూడిద రంగు పలక. తీసుకెళ్లి చూపిస్తే, ‘‘మీ ముందలనే ఫోన్ల పెట్టి చూసినం గద సార్, నూట ఇరవై ఎనిమిది చూపెట్టింది గద’’ అన్నాడు దుకాణదారు. చూపెట్టిన మాట నిజమే. ఇటువంటి కార్డుల్లో, కార్డును నడిపించే కంట్రోలర్ చిప్ కార్డు సామర్థ్యం గురించి ఫోన్‌కు అబద్ధం చెబుతుంది. అసలు మెమరీ నిండాక రాసినదంతా పాత ఫైళ్ల మీద పడుతుంది, లేదా ఎక్కడా నిలవదు. కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో కార్డు అంచు దాకా రాయించి తిరిగి చదివిస్తే, అందులో ఉన్నది 32 జీబీ కన్నా తక్కువేనని తేలింది. కొత్త కార్డు ఏదైనా సరే, ఈ పరీక్ష అయ్యాకే ఫోన్‌లో పెట్టాలి.

రెండో కార్డును బిల్లుతో, సుమారు వెయ్యి రూపాయలకు తీసుకున్నాను. కార్డు మీద ఉండే యూ3, వీ30 అనే వేగపు గుర్తులు అది సెకనుకు కనీసం 30 ఎంబీ చొప్పున నిలకడగా రాయగలదని చెబుతాయి; యూ1 అయితే 10 ఎంబీ. నిమిషానికి 350 ఎంబీ అంటే సెకనుకు ఆరు ఎంబీ లోపే కాబట్టి, ఫోన్ వీడియోకు యూ1 కార్డే చాలు. ఎక్కువ ధర పెట్టించడానికి చెప్పే మాటలను ఆ మేరకే నమ్మాలి. ఈ కార్డుతో నాకు ఏ ఇబ్బందీ రాలేదు, ఒక్కటి తప్ప: నా ఫోన్‌లో రెండో సిమ్ పెట్టే చోటే కార్డుకూ చోటు. పల్లెల్లో ఒక కంపెనీ సిగ్నల్ అందకపోతే మరొకటి అందుతుందని రెండు సిమ్‌లు ఉంచుకునే మనలాంటి వారికి అది చిన్న త్యాగం కాదు.

ఇక క్లౌడ్ సంగతి. మొబైల్ నెట్‌వర్క్ మీద నాకు అప్‌లోడ్ వేగం సెకనుకు 5 మెగాబిట్లు (ఎనిమిది మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ) వస్తే మంచి రోజు కింద లెక్క. ఆ వేగంతో 40 జీబీ ఎక్కించాలంటే దాదాపు 18 గంటలు పడుతుంది. రోజుకు 2 జీబీ డేటా ప్లాన్ మీదైతే ఇరవై రోజులు. మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే చాలా దూరం సిగ్నలే ఉండదు, అక్కడ తీసినదంతా ఇంటికి చేరేదాకా ఫోన్‌లోనో కార్డులోనో ఉండాల్సిందే. పెద్ద వీడియోల విషయంలో కార్డుదే పైచేయి అని అప్పట్లో అనుకున్నాను.

కిందటి వానకాలం మిర్యాలగూడ దగ్గర సాగర్ ఎడమ కాలువ గట్టున వంగి ఫొటో తీస్తుండగా ఫోన్ జారి నీళ్లలో పడింది, దానితోపాటు కార్డూ పోయింది. అప్పుడు గానీ తెలిసిరాలేదు, కార్డు వల్ల ఫోన్‌లో చోటు పెరిగిందే తప్ప నా ఫొటోలకు రెండో ప్రతి ఏర్పడలేదని. కొత్త ఫోన్‌లో అదే ఖాతాతో లాగిన్ అయితే క్లౌడ్‌కు ఎక్కిన ఫొటోలన్నీ ఒక్కొక్కటే వరుసగా వచ్చాయి. ఎక్కకుండా మిగిలిన పానగల్లు వీడియోలు మాత్రం కాలువ పాలయ్యాయి.

అయితే క్లౌడ్‌నూ గుడ్డిగా నమ్మకూడదు. బ్యాకప్ అయిన ఫొటోను గూగుల్ ఫొటోస్ యాప్‌లో తొలగిస్తే క్లౌడ్‌లోనూ పోతుంది; ట్రాష్‌లో 60 రోజులే ఉంటుంది. 2021 జూన్ 1తో ఫొటోలకు ఉచిత అపరిమిత నిల్వ ముగిసింది కనుక, డబ్బు కట్టనివారికి దక్కేది జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి 15 జీబీ మాత్రమే. అది నిండితే మెయిళ్లు కూడా ఆగిపోతాయి.

ఇప్పుడు పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ వంటి పత్రాల ఫొటోలను కార్డులో ఉంచడం మానేశాను. మామూలుగా వాడే కార్డులో ఫైళ్లకు తాళం ఉండదు, దొరికిన వాడెవడైనా చదవగలడు. అవి, ఇంటి ఫొటోలు క్లౌడ్‌లో ఉంటాయి. వీడియోలు కార్డులోకి వెళ్తాయి, నెలకోసారి ఇంట్లోని హార్డ్ డిస్క్‌లోకి కాపీ అవుతాయి. శామ్‌సంగ్ 2021లో గెలాక్సీ ఎస్21 నుంచి తన ఖరీదైన ఫోన్లలో కార్డు స్లాట్ తీసేసింది, ఐఫోన్‌లో అది మొదటి నుంచీ లేదు; అందుకే ఈసారి ఫోన్ కొనేటప్పుడు కెమెరా కంటే ముందు సిమ్ ట్రే బయటకు లాగించి, రెండు సిమ్‌లకూ కార్డుకూ విడివిడిగా మూడు గుంటలు ఉన్నాయో లేవో చూసి తీసుకున్నాను.